కుందేలు బొమ్మ వెనుక కథ

సబ్బు, షాంపూ, లిప్‌స్టిక్, గోళ్ళరంగు... ఏది కొన్నా దాని వెనుక వైపు ఎక్కడో ఒక చిన్న కుందేలు బొమ్మ కనబడటం ఇప్పుడు పరిపాటి అయింది. కొన్నిటి మీద ఆ బొమ్మ పక్కనే 'వీగన్' అని ఉంటుంది, మరికొన్నిటి మీద 'క్రూయెల్టీ ఫ్రీ' అని ఉంటుంది. ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేవారే ఎక్కువ. నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ఈ వస్తువు దేనితో తయారైంది అన్నది ఒక ప్రశ్న. దీనిని ఎవరి మీద పరీక్షించారు అన్నది మరొక ప్రశ్న. తేనెమైనం కలిపిన పెదవి లేపనాన్ని ఏ జంతువు మీదా పరీక్షించకపోయి ఉండవచ్చు. అది క్రూయెల్టీ ఫ్రీ అవుతుంది గాని వీగన్ కాదు. కేవలం మొక్కల నూనెలతో చేసిన షాంపూను ఎక్కడో ఒక ప్రయోగశాలలో కుందేలు కంట్లో పోసి చూసి ఉండవచ్చు. అది దినుసులను బట్టి వీగనే గాని, క్రూరత లేనిది మాత్రం కాదు.

ఈ రెండు ప్రశ్నలకూ వయసులో చాలా తేడా ఉంది. మొదటిది అలంకరణ అంత పాతది. రెండవదానికి ఇంకా నూరేళ్ళు నిండలేదు. కొత్తగా ఈ విషయం తెలుసుకోవాలనుకునేవారికి దుకాణాల జాబితాల కన్నా ఆ చరిత్రే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

పాత ప్రశ్నను మన నిఘంటువు నుంచే మొదలుపెట్టవచ్చు. కస్తూరి, పునుగు, జవ్వాది, గోరోజనం, లత్తుక - ప్రబంధాలు చదివినవారికి ఈ మాటలు కొత్త కావు. మనుచరిత్రలో హిమాలయాల మీద దారి తప్పిన ప్రవరుడికి దగ్గరలో ఒక స్త్రీ ఉన్నదన్న సంగతి మొదట తెలిపినది గాలి. ఆ గాలిలో కర్పూర తాంబూలపు వాసనతో కలిసి వచ్చినది కస్తూరి పరిమళం. పద్యాన్ని ఆస్వాదించేటప్పుడు ఆ కస్తూరి ఎక్కడిదన్న ఆలోచన మనకు రాదు, రానక్కరలేదు కూడా. కాని చరిత్ర అడిగితే చెప్పక తప్పదు: అది మగ కస్తూరి మృగపు పొట్ట కింద ఉండే ఒక సంచిలోని పదార్థం. దాని కోసం ఆ జంతువును వేటాడి చంపేవారు. పునుగు, జవ్వాది అనేవి పునుగు పిల్లి తోక కింది గ్రంథుల నుంచి వచ్చే జిడ్డు. గోరోజనం పశువు పిత్తాశయంలో ఏర్పడే రాయి. లత్తుక అంటే లక్క రసం. నాయికల పాదాలకు పూసిన ఆ ఎర్రదనం కొమ్మలకు అంటుకుని బతికే ఒక పురుగుది. లక్కను కొమ్మల మీది నుంచి గోకి తీసేటప్పుడు అందులోని పురుగులు వేల సంఖ్యలో పోతాయి. హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరమూ సంతోషించాం. ఆ లక్క కూడా ఈ పురుగుదే.

మన కాటుక సంగతి చూడండి. ఆముదపు దీపం మీద పట్టిన మసిని నెయ్యితో గాని వెన్నతో గాని రంగరిస్తే కాటుక. ఇందులో ఏ ప్రాణికీ హాని జరిగిందని మన అమ్మమ్మలెవరూ అనుకోరు. వీగన్ లెక్కలో మాత్రం ఇది చెల్లదు, ఎందుకంటే నెయ్యి పశువుది. సున్నిపిండి, కుంకుడుకాయ, సీకాయ, పసుపు, గోరింటాకు చెల్లుతాయి. మీగడతో కలిపిన నలుగు చెల్లదు. శాకాహారానికీ వీగన్‌కూ మధ్య ఉన్న గీత తెలుగు ఇంటిలో సరిగ్గా పాలగిన్నె దగ్గర పడుతుంది. అందుకే ఈ మాట మనవారికి ఒక పట్టాన మింగుడుపడదు.

పునుగు దగ్గర మరొక్క మాట. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూసే ఆచారం ఇప్పటికీ ఉంది. పంజరంలో చందనపు కర్ర నిలబెడితే పునుగు పిల్లి తనంతట తానే దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది. అంటుకున్న జిడ్డును తీసుకుంటారు. అత్తరు వ్యాపారం కోసం ఇథియోపియా వంటి చోట్ల ఇరుకు పంజరాలలో ఉంచి గ్రంథుల నుంచి గోకి తీసే పద్ధతితో పోలిస్తే ఇది చాలా మెత్తనిది. అయినా పంజరం పంజరమే అనేవారున్నారు, వన్యప్రాణి చట్టం ఆ జంతువును రక్షిత జాబితాలో ఉంచింది కూడా. ఒకే వస్తువును తీయడంలో ఇన్ని అంతరువులున్నప్పుడు సీసా మీది ఒక్క మాట ఎంతవరకు చెప్పగలదన్నది ఆలోచించవలసిన విషయమే.

సుగంధాల విషయంలో జంతువులను చాలావరకు కాపాడినది జాలి కాదు, రసాయన శాస్త్రం. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయనవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తుండగా కస్తూరి వాసన గల ఒక కృత్రిమ పదార్థం అనుకోకుండా దొరికింది. 1926లో లియోపోల్డ్ రుజిచ్‌కా పునుగు, కస్తూరి వాసనలకు మూలమైన అణువుల నిర్మాణాన్ని తేల్చాడు. 1939లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. చౌకగా కృత్రిమ కస్తూరి దొరుకుతున్నప్పుడు హిమాలయాలెక్కి వేటాడే అత్తరు వ్యాపారి తగ్గిపోయాడు. (పూర్తిగా పోలేదు. మందుల కోసం ఆ మృగాన్ని చంపడం తర్వాత కూడా సాగింది.)

ఇక రెండవ ప్రశ్న. ఇది పుట్టిన చోటు అమెరికా, పుట్టిన కారణం ఆడవాళ్ళ కళ్ళు.

1933లో అక్కడ 'లాష్ లూర్' అనే పేరుతో కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వేసే ఒక రంగు అమ్మేవారు. అందులో ఉన్నది పారాఫినిలీన్ డయమీన్ అనే రసాయనం. ఈనాటి తలరంగుల్లో చాలావాటిలో ఉన్నదీ అదే. అది పడని స్త్రీల ముఖాలు వాచాయి, కళ్ళు పుండ్లు పడ్డాయి. కొందరికి చూపు పోయింది. ఒకామె చనిపోయింది. ఇంత జరిగినా ప్రభుత్వం ఆ సీసాను దుకాణం నుంచి తీయించలేకపోయింది, ఎందుకంటే అప్పుడున్న 1906 నాటి చట్టం ఆహారానికీ మందులకే గాని అలంకరణ వస్తువులకు వర్తించదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అధికారులు చేయగలిగిందల్లా ఒక ప్రదర్శన పెట్టడం. ఆ రంగు వేసుకోకముందు, వేసుకున్న తర్వాత ఒక స్త్రీ ముఖం ఎలా ఉన్నదో చూపే రెండు ఫొటోలు అందులో పక్కపక్కన ఉండేవి. పత్రికలవాళ్ళు దానికి 'భయానక మందిరం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

1937లో సల్ఫా మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మిన ఒక పానకం తాగి నూరుమందికి పైగా చనిపోయారు. చాలామంది పిల్లలు. ఆ మరుసటి ఏడే, 1938లో, కొత్త చట్టం వచ్చింది, సౌందర్య సాధనాలు తొలిసారి ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చాయి. ఆ చట్టం కింద మొట్టమొదట జప్తు అయిన సరుకు లాష్ లూర్.

చట్టంలో జంతువు అన్న మాటే లేదు. హానికరమైనది అమ్మకూడదు అన్నదంతే. కాని హానికరమని ముందుగా తెలుసుకోవడం ఎట్లా? ఆ ఖాళీని పూరించినవాడు అదే సంస్థలో పనిచేసిన ఔషధ శాస్త్రవేత్త జాన్ డ్రేజ్. 1944లో అతను, తన సహచరులు కలిసి ప్రచురించిన ఒక పరిశోధనా పత్రం తర్వాతి నలభై ఏళ్ళు ప్రపంచమంతటా శాసనంలా చెలామణి అయింది.

పద్ధతి ఇది. తెల్ల కుందేలును తల మాత్రమే బయటికి కనబడే పెట్టెలో బిగిస్తారు. ఒక కన్ను కింది రెప్పను సంచిలా లాగి, 0.1 మిల్లీలీటరు పదార్థం అందులో వేస్తారు. రెండవ కన్ను పోలిక కోసం వదిలేస్తారు. గంటకు, ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు, అవసరమైతే మూడు వారాల వరకు చూస్తూ మార్కులు వేస్తారు. కార్నియా మసకబారితే 80 వరకు, కంటిపాప చుట్టూ ఉండే పొరకు 10, తెల్లగుడ్డు ఎరుపుకూ వాపుకూ స్రావానికీ 20, మొత్తం 110. పదార్థాన్ని బట్టి కొన్ని కళ్ళకు ఏమీ కాదు, కొన్నిట్లో పుండ్లు పడతాయి, కొన్ని చూపు కోల్పోతాయి. పరీక్ష పూర్తయ్యాక సాధారణంగా కుందేలును చంపేస్తారు.

కుందేలునే ఎందుకు ఎంచుకున్నారు? దాని కళ్ళు పెద్దవి, అది చౌక, సాధువు, గట్టిగా అరవదు. తెల్ల కుందేలు కంట్లో ఎరుపు స్పష్టంగా కనబడుతుంది. దానికి కన్నీరు తక్కువ కనుక వేసింది త్వరగా కడుక్కుపోదు. చివరి లక్షణమే శాస్త్రం దృష్టిలో దాని లోపం కూడా. మనిషి కన్ను మంట పుట్టగానే నీళ్ళు కారుస్తుంది, కుందేలు కన్ను అంతగా కార్చదు. పైగా దానికి మూడో రెప్ప ఒకటుంది. 1971లో వైల్, స్కేలా అనే ఇద్దరు పరిశోధకులు ఒకే రకం పదార్థాలను 25 ప్రయోగశాలలకు పంపి పరీక్షింపజేశారు. ఒకచోట ఏమీ కాదన్న పదార్థం మరొకచోట తీవ్రమైన మంట పుట్టించేదిగా తేలింది. ప్రామాణికంగా వాడదగినది కాదని వారు తేల్చి చెప్పినా పరీక్ష ఆగలేదు. కంపెనీల న్యాయవాదులకు కావలసింది కచ్చితత్వం కాదు, 'మేము పరీక్షించాం' అని కోర్టులో చెప్పగలగడం.

ఈ చరిత్రలో నన్ను బాగా ఆపేసిన విషయమిదే. కుందేలు పెట్టెలోకి వెళ్ళినది మనిషి క్రూరుడైనందువల్ల కాదు. తల్లుల, భార్యల, కూతుళ్ళ కళ్ళు పోయినందువల్ల. ఇప్పుడు 'జంతువుల మీద పరీక్షలు ఆపండి' అనేవారు, 'మరి మా కళ్ళకు పూచీ ఎవరు' అని అడిగేవారికి సమాధానం చెప్పక తప్పదు. చెప్పకుండా తప్పించుకున్న ఉద్యమాలు నిలవలేదు. చెప్పిన ఉద్యమమే గెలిచింది. ఆ సంగతికి వస్తాను.

కాకతాళీయంగా డ్రేజ్ పత్రం వచ్చిన ఆ 1944 నవంబరులోనే ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగపు పని నేర్పే ఉపాధ్యాయుడు, కొద్దిమంది మిత్రులు కలిసి పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారుల కోసం ఒక సంఘం పెట్టారు. వెజిటేరియన్ అన్న మాటలో మొదటి, చివరి అక్షరాలు తీసుకుని వీగన్ అన్న మాటను వాళ్ళే కట్టారు. అప్పట్లో అది ముఖ్యంగా తిండికి సంబంధించిన మాట. అలంకరణ వస్తువుల మీదికి అది పెద్ద ఎత్తున ఎక్కింది తర్వాతే. ఆ సంఘం తన ముద్రను వస్తువుల మీద వేయనిచ్చినది 1990లో.

సౌందర్య సాధనాల వైపు చూపు తిప్పినది మరొక ఇంగ్లీషు స్త్రీ, మ్యూరియెల్ డౌడింగ్. భర్త హ్యూ డౌడింగ్ రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడిన వాయుసేనాధిపతి, ఇద్దరూ శాకాహారులు. ఆమె 1959లో 'బ్యూటీ వితవుట్ క్రుయెల్టీ' అనే సంస్థ స్థాపించింది. మొదట బొచ్చు కోట్ల మీద పోరాటం, తర్వాత 1963లో అదే పేరుతో జంతు పదార్థాలు లేని, జంతువుల మీద పరీక్షించని అలంకరణ సామగ్రి. రెండు ప్రశ్నలనూ కలిపి అడిగిన తొలి సంస్థల్లో ఇది ఒకటి. వద్దని చెప్పడంతో ఆగక, వద్దన్నదానికి బదులు ఒకటి చేసి చూపడం ఆమె ప్రత్యేకత.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. దాదాపు అదే కాలంలో మన దేశంలో, రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ 1953లో జంతుహింస నివారణకు ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక ఆమె దానిని ఉపసంహరించుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. అయితే అది శాస్త్ర ప్రయోగాలను నేరం కాదన్నది, పర్యవేక్షణకు ఒక కమిటీని మాత్రం ఏర్పరచింది. 1974లో డయానా రత్నాగర్ పుణెలో బ్యూటీ వితవుట్ క్రుయెల్టీ భారత శాఖను మొదలుపెట్టి, ఏ సబ్బులో ఏముందో మధ్యతరగతి గృహిణులకు తెలియజెప్పే పనికి పూనుకున్నారు.

అసలు మలుపు 1980లో న్యూయార్కులో. హెన్రీ స్పైరా బెల్జియంలో పుట్టిన యూదుడు. బాల్యంలోనే అమెరికా చేరి, ఓడల్లో కళాసీగా, కార్ల కర్మాగారంలో కూలీగా పనిచేసి, పౌరహక్కుల ఉద్యమం మీద వార్తలు రాసి, చివరికి హైస్కూలులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్నాడు. 1974లో పీటర్ సింగర్ అనే యువ తత్త్వవేత్త నడిపిన సాయంకాలపు తరగతిలో కూర్చున్నాడు. జంతువుల బాధ కూడా బాధే అన్న వాదం అతనికి కొత్తగా తోచలేదు. కార్మికుల తరఫున తాను చేసినదే మరొకరి తరఫున చేయాలన్నట్లు తోచింది.

అతను ఎంచుకున్న లక్ష్యం డ్రేజ్ పరీక్ష, ఎంచుకున్న కంపెనీ రెవ్‌లాన్. ఆ పరీక్షను అందరూ చేస్తున్నారు, రెవ్‌లాన్ మిగతావారికన్నా దుర్మార్గమైనదేమీ కాదు. కాని దాని పేరు అందరికీ తెలుసు. మొదట అతను కంపెనీని పరీక్షలు ఆపమనలేదు. తన రాబడిలో నూటికి ఒక వంతులో నూరో భాగం, అంటే పదివేల డాలర్లకు ఒక డాలరు, కుందేలుకు బదులు మరొక పద్ధతి కనిపెట్టేందుకు ఇవ్వమన్నాడు. నెలల తరబడి ఉత్తరాలు, సమావేశాలు, మర్యాదలు. కంపెనీ ఏమీ ఇవ్వలేదు. అప్పుడు 1980 ఏప్రిల్ 15న న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన పడింది. కళ్ళకు కట్లు కట్టిన ఒక తెల్ల కుందేలు. అందం కోసం రెవ్‌లాన్ ఎన్ని కుందేళ్ళను గుడ్డివి చేస్తున్నదన్న ప్రశ్న. కంపెనీకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. మే నెలలో కుందేలు వేషాలు వేసుకున్న జనం కంపెనీ కార్యాలయం ముందు నిలబడ్డారు.

ఆ డిసెంబరులో రెవ్‌లాన్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి మూడేళ్ళలో ఏడున్నర లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. పోటీదారు ఏవాన్ కూడా ముందుకు వచ్చింది. పరిశ్రమ సంఘం ఇచ్చిన డబ్బుతో 1981లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రత్యామ్నాయ పరీక్షల కేంద్రం పుట్టింది. స్పైరా ఎదుటివాడు పరువుతో బయటపడే దారి ఒకటి ముందే వేసి ఉంచి, ఆ తర్వాతే తలుపు తట్టాడు. తిట్టడంలో ఉన్న సుఖాన్ని వదులుకున్న ఉద్యమకారులు అరుదు.

ఆ పరిశోధనల ఫలితాలు వెంటనే రాలేదు, ముప్ఫై ఏళ్ళు పట్టింది. శస్త్రచికిత్సల్లో మిగిలిన మానవ చర్మం నుంచి కణాలు తీసి గిన్నెల్లో చర్మపు పొరలు పెంచడం నేర్చుకున్నారు. దీనితో చర్మం మంటను కొలిచే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాలు 2010లో అంగీకరించాయి. కార్నియా వంటి పొరను పెంచే పద్ధతికి 2015లో ఆమోదం వచ్చింది. ఈ మధ్యలో, 2009లో, అంగీకారం పొందిన రెండు పద్ధతులను గురించి కుందేలు బొమ్మ వేసేవారు పెద్దగా మాట్లాడరు. ఒకటి కబేళాలో చంపిన పశువుల కళ్ళ నుంచి కార్నియాలు తెచ్చి వాటి మీద పరీక్షించడం, రెండవది అలాగే కోళ్ళ కళ్ళతో చేయడం. ఇందుకోసం ఏ జంతువునూ ప్రత్యేకంగా చంపరు, అవి మాంసం కోసం ఎటూ చచ్చినవే. బతికిన జంతువుకు బాధ లేదు కనుక క్రూరత లేనట్టే. మరి వీగన్ మనసుకు ఇది సమ్మతమేనా? కణాలను పెంచే గిన్నెల్లో కూడా చాలాకాలం దూడ పిండాల రక్తం నుంచి తీసిన ద్రవమే పోషకంగా వాడారు.

1989లో ఏవాన్, రెవ్‌లాన్ రెండూ జంతు పరీక్షలు మానేశామన్నాయి. బ్రిటన్‌లో ఎనిటా రాడిక్ 1976లో తెరిచిన బాడీ షాప్ అప్పటికే ఆ మాటనే వ్యాపార ధ్వజంగా ఎత్తుకుంది. (2006లో దానిని లోరియల్ కొనేసినప్పుడు పాత అభిమానులు నొచ్చుకున్నారు.) ఎవరి కుందేలు బొమ్మ వారు గీసుకుంటున్నందున, అమెరికాలో ఎనిమిది జంతు సంక్షేమ సంఘాలు కలిసి 1996లో 'లీపింగ్ బన్నీ' అనే ముద్ర తెచ్చాయి. తుది వస్తువునే కాక, దినుసులు సరఫరా చేసేవారిని కూడా అది లెక్కలోకి తీసుకుంది. ఒక తేదీ పెట్టి, ఆ తేదీ తర్వాత ఎవరూ పరీక్షించకూడదన్నది.

ఆ తేదీ అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. సబ్బులో, లేపనంలో వాడే పాత రసాయనాల్లో ఎక్కువభాగం ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక జంతువు మీద పరీక్షకు గురైనవే. ఈనాటి క్రూరత లేని సీసా ఆ లెక్కల మీదే ధైర్యంగా నిలబడుతుంది. 'ఇకమీదట వద్దు' అనగలమే గాని 'ఎన్నడూ జరగలేదు' అనలేం.

యూరప్‌లో చట్టం 1993లోనే నిషేధం రాసుకుని, అమలును వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి 2004లో తయారైన వస్తువుల మీద, 2009లో దినుసుల మీద పరీక్షలు ఆగాయి. 2013 మార్చి 11 నుంచి, ఎక్కడ పరీక్షించినా సరే, అటువంటి సరుకు అమ్మకమే నిషిద్ధమైంది.

మన దేశం ఆ వెంటనే కదిలిందని చెప్పుకోవడానికి సంతోషంగా ఉంది. 2013 జూన్‌లో భారతీయ ప్రమాణాల సంస్థ తన ప్రమాణాల నుంచి జంతు పరీక్షలను తొలగించింది. 2014 మేలో ఔషధ, సౌందర్య సాధనాల నియమాలలో సౌందర్య సాధనాల పరీక్షకు ఏ జంతువునూ వాడరాదన్న నిబంధన చేరింది. అదే ఏడు నవంబరు 12 తర్వాత జంతువుల మీద పరీక్షించిన సరుకు దిగుమతి కూడా ఆగిపోయింది. దక్షిణాసియాలో ఇదే మొదటిది. దీని కోసం పట్టుబట్టినవారిలో, అప్పట్లో హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ అన్న పేరుతో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సంస్థ ముఖ్యమైనది.

చైనాలో కథ తిరగబడింది. అక్కడ దిగుమతి అయ్యే సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష తప్పనిసరిగా ఉండేది. ఆ పెద్ద సంత మీద ఆశతో, పరీక్షలు మానేశామన్న కంపెనీలు నిశ్శబ్దంగా అక్కడ డబ్బు కట్టి పరీక్షలు చేయించాయి. 2012లో అది బయటపడి ఏవాన్, మేరీ కే, ఎస్తే లాడర్ పేర్లను పెటా సంస్థ తన మంచి జాబితా నుంచి కొట్టేసింది. చైనా 2014లో స్వదేశీ సాధారణ వస్తువులకు, 2021 మే నుంచి కొన్ని షరతులతో దిగుమతి వస్తువులకు ఆ నిర్బంధం సడలించింది.

ఇక మొదటి ప్రశ్న, అంటే దినుసుల సంగతి, మన దగ్గర ఇంకా తెగలేదు. సబ్బులో పశువుల కొవ్వు మనకు పాత గొడవ. 1918-19 ప్రాంతంలో అర్దేషిర్ గోద్రెజ్ కేవలం మొక్కల నూనెలతో సబ్బు చేసి, స్వదేశీ ఉద్యమపు గాలిలో దానిని అమ్మగలిగాడు. అహింస అప్పటికే వ్యాపారానికి పనికొచ్చింది. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కల్తీ జరిగిందన్న వార్త దేశాన్ని అట్టుడికించింది. 2002లో ఢిల్లీ హైకోర్టు, సౌందర్య సాధనాల మీద శాకాహారమా కాదా అన్న గుర్తు ఉండాలని ఆదేశించింది. పరిశ్రమవారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అది కోర్టులు చేయవలసిన పని కాదని 2013లో ఆ తీర్పును సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2014లో కేంద్రం తూనికలు కొలతల నియమాల ద్వారా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తేబోతే అదీ కోర్టు మెట్లెక్కింది. చుక్క ఉన్నా అది వీగన్ చుక్క కాదన్నది గుర్తుంచుకోవాలి: మన శాకాహారపు లెక్కలో పాలు, తేనె రెండూ పచ్చ చుక్కలోనే ఇముడుతాయి.

కనుక సీసా వెనుక చదువుకోవడమే మిగిలింది. కార్మైన్ అన్నా, 75470 అన్న రంగు సంఖ్య ఉన్నా, అది దక్షిణ అమెరికా నాగజెముడు మీద పెరిగే పురుగుల ఎరుపు. మన లత్తుకకు దూరపు చుట్టం. 75170 ఉంటే చేప పొలుసుల మెరుపు. షెల్లాక్ అంటే లక్క. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని జిడ్డు. స్క్వాలీన్ ఒకప్పుడు సొరచేప కాలేయం నుంచి వచ్చేది, ఇప్పుడు దాని రూపాంతరం ఆలివ్ నుంచి, చెరకు నుంచి కూడా వస్తున్నది. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం మొక్కవో పశువువో పేరు చూసి పోల్చుకోలేం. అక్కడ మాత్రం వీగన్ ముద్ర నిజంగా పనికొస్తుంది.

కుందేలు విషయంలో యూరప్‌లో కూడా వివాదం ముగిసిపోలేదు. సౌందర్య సాధనాల చట్టం జంతు పరీక్ష వద్దంటున్నది, రసాయనాల చట్టం కర్మాగారంలో పనిచేసేవారి రక్షణ కోసం కొన్ని సందర్భాలలో కావాలంటున్నది. ఎండ నుంచి కాపాడే లేపనాల్లో మాత్రమే వాడే రెండు పదార్థాలకు రసాయనాల సంస్థ జంతు పరీక్షలు కోరితే, సిమ్‌రైజ్ అనే జర్మన్ కంపెనీ న్యాయస్థానానికి వెళ్ళింది. 2023 నవంబరులో యూరోపియన్ జనరల్ కోర్టు కంపెనీ వాదనను తోసిపుచ్చి, పరీక్షలు చేయవలసిందేనన్నది.